షుగరు పడిపోతుందన్న భయం: పాడి కుటుంబాలకు ఒక పాఠం



ఈ పుటలలో మనం సాధారణంగా మేత గురించి, దాణా గురించి, టీకాల గురించి, వెన్న శాతం గురించి ముచ్చటించుకుంటాం. ఈసారి పాఠం పశువును గురించి కాదు. తెల్లవారుజామున లేచి ఆ పశువును చూసుకునే మనిషిని గురించి.

మధుమేహం, అనగా మనం వాడుకగా షుగరు అనే వ్యాధి, ఒకప్పుడు పట్నవాసుల జబ్బు. ఇప్పుడు అలా లేదు. గోదావరి జిల్లాల పల్లెలలో జరిపి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 30 ఏళ్లు దాటినవారిలో నూటికి సుమారు 13 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఈ వ్యాధిగ్రస్తులు 10 కోట్లకు పైగా ఉన్నారు. ముసునూరు, నూజివీడు ప్రాంతంలో పాలకేంద్రం ముందు ఉదయం వరుసలో నిలబడినవారిని అడిగి చూస్తే, తనకో, ఇంట్లో ఎవరికో షుగరు ఉన్నదని చెప్పేవారు ప్రతిచోటా ఉంటారు.

వీరిలో చాలామంది మందులు వాడుతున్నారు. అయితే మందు వాడేవారిలో కొందరిని ఒక భయం పట్టి ఉంటుంది. షుగరు పెరుగుతుందన్న భయం కాదు, పడిపోతుందన్న భయం. ఒకసారి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగినవారు ఆ అనుభవాన్ని మరచిపోలేరు. ఆ తరువాత డాక్టరుగారికి చెప్పకుండా మాత్ర సగం చేస్తారు, లేదా రెండు రోజులకొకసారి వేసుకుంటారు, లేదా రాత్రి పడుకోబోయే ముందు ఎందుకైనా మంచిదని రెండు అరిసెలు తింటారు. పైకి ఇది జాగ్రత్తగానే కనిపిస్తుంది. దీనివల్ల ఎంత నష్టమున్నదో, ఆ భయాన్ని నిజమైన జాగ్రత్తగా మార్చుకోవడం ఎలాగో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

పశువులో మనకు తెలిసిన సంగతే

రక్తంలో చక్కెర తగ్గితే ఏమవుతుందో పాడి రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎక్కువ పాలిచ్చే ఆవు గాని, గేదె గాని ఈనిన కొద్ది వారాలకు దాణా మానివేసి, పాలు తగ్గి, నీరసించిపోవడం మనం చూస్తాం. పశువైద్యులు దానిని కీటోసిస్ అంటారు. ఊపిరిలో, మూత్రంలో ఒక విధమైన తీపి వాసన వస్తుంది. కొన్ని పశువులు తూలుతాయి, గోడను, గాటిని నాకుతాయి, పిచ్చిగా ప్రవర్తిస్తాయి. డాక్టరుగారు వచ్చి డెక్స్‌ట్రోజ్ సీసా నరంలోకి ఎక్కిస్తే పశువు తేరుకుంటుంది. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే.

పశువులో ఇలా జరగడానికి కారణం పాలే. 10 లీటర్ల పాలలో సుమారు అర కిలో పాలచక్కెర ఉంటుంది. అదంతా రక్తంలోని గ్లూకోజు నుంచే తయారు కావాలి. మేత ద్వారా వచ్చే దానికంటే పాల ద్వారా పోయేది ఎక్కువైనప్పుడు పశువు కుంగిపోతుంది.

మనిషిలో కారణం వేరు, లెక్క మాత్రం అదే. వచ్చే చక్కెర తక్కువై, ఖర్చయ్యే చక్కెర ఎక్కువైతే రక్తంలో నిలవ తగ్గుతుంది. షుగరు మాత్రలోని మందు గాని, ఇన్సులిన్ గాని చక్కెరను రక్తం నుంచి కండలలోకి పంపుతుంది. ఆ మందు పనిచేసే వేళకు కడుపులో అన్నం లేకపోతే, లేదా అదే వేళకు కష్టమైన పని చేస్తే, నిలవ పడిపోతుంది. పరీక్షలో 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దానిని లో షుగరు అంటారు. 54 కంటే తగ్గితే అది తీవ్రమైన సంగతి. తనంతట తాను తేరుకోలేక మరొకరి సహాయం కావలసి వస్తే, అంకె ఎంత ఉన్నా, అది అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి.

అన్ని మాత్రలూ ఒకటి కావు

ఇక్కడ సభ్యులు తప్పక గమనించవలసిన విషయమొకటున్నది. షుగరు మందులన్నీ షుగరును అతిగా పడగొట్టవు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి లో షుగరు అరుదుగా వస్తుంది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ వంటివి గాని, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి గాని విడిగా వాడినప్పుడు, లేదా మెట్‌ఫార్మిన్‌తో కలిపి వాడినప్పుడు కూడా ఆ ప్రమాదం తక్కువే. ఆ భయం ముఖ్యంగా ఉండవలసింది రెండిటి విషయంలో: ఇన్సులిన్, సల్ఫనైల్‌యూరియా జాతి మాత్రలు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఈ జాతివే. వీటిలో గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. 60 ఏళ్లు దాటినవారికి అది తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో పేర్కొన్నది.

ఈ మాత్రలు పుట్టిన కథే వాటి గుణాన్ని చెబుతుంది. 1942లో ఫ్రాన్సు దేశంలోని మోంపెలియే నగరంలో జాన్‌బోన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూశారు. ఆ రోగులలో షుగరు ప్రమాదకరంగా పడిపోయింది. లూబాటియేర్ అనే శాస్త్రజ్ఞుడు దాని కారణాన్ని వెదికి, ఆ మందు ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తున్నదని కనుగొన్నారు. షుగరు రోగులకు అదే ఉపకారమయింది. అంటే షుగరును దించడం, అన్నం తినకపోతే మరీ దించడం, ఈ రెండూ ఒకే గుణానికి రెండు ముఖాలు. ఇవాళ కూడా ఈ జాతి మాత్రలు వాడేవారు జ్వరానికో, మూత్రంలో మంటకో కొన్ని రకాల యాంటీబయాటిక్ మందులు కలిపి వాడితే షుగరు మరింత పడిపోయే అవకాశమున్నది. కాబట్టి ఏ జబ్బుకు మందు తీసుకుంటున్నా, షుగరు మాత్ర అట్టను కూడా డాక్టరుగారికి చూపించవలెను.

ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఉండడం ఇప్పుడు మామూలు. అందుచేత మాత్ర రంగును బట్టి గాక, అట్ట మీద పేరును బట్టి తెలుసుకోవాలి. చదువుకున్న పిల్లల చేత చదివించి, ఆ పేర్లను పాల పాస్‌బుక్కు వెనుక రాయించుకుంటే చాలు.

పాడి ఇంట్లో షుగరు పడే వేళలు

మన ప్రాంతపు దినచర్యను ఒకసారి పరిశీలిద్దాం.

మొదటిది తెల్లవారుజాము. నాలుగున్నరకు లేచి, పేడ ఎత్తి, దాణా కలిపి, పాలు తీసి, కేంద్రంలో పోసి వచ్చేసరికి ఏడు దాటుతుంది. అక్కడి నుంచి పచ్చగడ్డి కోతకో, చొప్ప తేవడానికో వెళితే ఫలహారం పది గంటలకు. ఉదయం లేవగానే మాత్ర వేసుకునే అలవాటు ఉన్నవారికి ఈ మధ్య వేళ అంతా ప్రమాదపు వేళే. ఇంట్లో ఆడవారి సంగతి మరీ కష్టం. అందరికీ పెట్టి, పిల్లలను బడికి పంపి, చివరకు తాము తింటారు. మాత్ర మాత్రం అందరికంటే ముందు మింగుతారు. సల్ఫనైల్‌యూరియా మాత్రను ఫలహారానికి ముందు, విస్తరి ముందు కూర్చున్నప్పుడే వేసుకోవాలి. తిండి వేళ మారితే మాత్ర వేళ కూడా దానితోపాటు మారాలి. మీ ఇంట్లో ఫలహారం ఎన్నింటికో డాక్టరుగారికి చెప్పనిదే వారికి తెలియదు.

రెండవది మామిడి కోతల కాలం. మార్చి చివర మొదలుకొని జూన్ వరకు రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ కోతలతో తోటలలో పని ఊపిరి సలపదు. చిక్కంతో కాయ కోయడం, బుట్టలు మోయడం, ఎండలో లారీకి ఎత్తడం, ఇవన్నీ కండలు చక్కెరను బాగా ఖర్చు చేసే పనులు. ఆ ప్రభావం పని ఆపగానే ఆగదు. పగలు ఎక్కువ కష్టపడితే ఆ రాత్రి నిద్రలో షుగరు పడవచ్చు. మరికొందరు, పండ్లు తిన్నాం కదా అని తమంతట తాము మాత్ర ఒకటి ఎక్కువ వేసుకుంటారు. పండు పెంచిన చక్కెర రెండు మూడు గంటలలో తగ్గుతుంది. మాత్ర మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పండు తినదలచుకుంటే కొద్ది ముక్కలు, అన్నం తగ్గించుకుని తినడం మేలు. మాత్రను పెంచడం మన పని కాదు.

మూడవది ఉపవాసాలు. ముసునూరు మండలంలోని బలివే గ్రామంలో, తమ్మిలేరు ఒడ్డున మహాశివరాత్రి తిరునాళ్లకు వేలాది మంది వస్తారు. పగలంతా ఉపవాసం, రాత్రి జాగరణ, మధ్యలో నడక. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, ముస్లిం సోదరుల రంజాన్ నెల కూడా ఇటువంటివే. ఉపవాసం మానమని మేము చెప్పడం లేదు. వారం రోజులు ముందుగా డాక్టరుగారిని కలిసి, ఆ రోజు ఏ మందు ఎంత వేసుకోవాలో, అసలు ఉపవాసం తగునో లేదో అడగండి. ఉపవాసంలో షుగరు 70కి తగ్గితే వెంటనే విరమించాలి. ప్రాణరక్షణ కోసం వ్రతం విరమిస్తే ఏ మతమూ తప్పు పట్టదు.

నాలుగవది కల్లు, సారాయి, మద్యం. ఒంట్లో చక్కెర తగ్గినప్పుడు కాలేయం తన నిలవలోనిది విడుదల చేసి కాపాడుతుంది, కొత్తగా కొంత తయారు చేస్తుంది. మద్యం ఆ తయారీని అడ్డుకుంటుంది. ఖాళీ కడుపుతో తాగి పడుకున్న షుగరు రోగి తెల్లవారేసరికి స్పృహ తప్పవచ్చు. అన్నిటికంటే ప్రమాదమేమిటంటే, ఇంట్లోవారు అది తాగిన మత్తే అనుకుని దుప్పటి కప్పి వదిలేస్తారు.

గుర్తించడం ఎలా?

ముందుగా వచ్చేవి: చెమటలు, వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి, పెదవుల చుట్టూ తిమ్మిరి. ఇవి శరీరం ఇచ్చే హెచ్చరికలు. అప్పటికీ తీపి తినకపోతే మెదడుకు చక్కెర అందక మాట తడబడడం, చూపు మసకబారడం, అకారణంగా కోపం, తికమక, తూలడం, చివరకు ఫిట్సు లేదా స్పృహ కోల్పోవడం జరుగుతాయి. నిద్రలో వస్తే చొక్కా తడిసేంత చెమట, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి ఉంటాయి.

కొందరికి ముందస్తు హెచ్చరికలు కనిపించవు. గుండె దడకో, రక్తపోటుకో అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడేవారికి దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. మాటిమాటికీ షుగరు పడేవారికి కూడా శరీరం అలవాటుపడి హెచ్చరించడం మానివేస్తుంది. సంతోషకరమైన విషయమేమిటంటే, డాక్టరు సలహాతో కొన్ని వారాలపాటు ఒక్కసారి కూడా పడకుండా చూసుకుంటే ఆ హెచ్చరికలు చాలామందికి తిరిగి వస్తాయి.

మొదట పంచదార, తరువాత పాలు

షుగరు పడినట్లు అనిపిస్తే చేయవలసినవి:

1. చేస్తున్న పని ఆపి కూర్చోవాలి. చెట్టు మీద, నిచ్చెన మీద, బండి మీద ఉంటే వెంటనే దిగాలి.

2. వీలుంటే మీటరుతో పరీక్షించాలి. మీటరు దగ్గర లేకపోతే పరీక్ష కోసం ఆగరాదు.

3. మూడు టీస్పూన్ల నిండా పంచదార గాని, గ్లూకోజు పొడి గాని నీళ్లలో కలిపి తాగాలి. ఇది సుమారు 15 గ్రాములు. బెల్లం ముక్క నమిలినా, ముప్పాతిక గ్లాసు పళ్లరసమో, తీపి సోడానో తాగినా సరే.

4. 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. 70 దాటకపోతే అంతే మోతాదు మళ్లీ తీసుకోవాలి.

5. తేరుకున్న తరువాత ఒక గ్లాసు పాలో, రెండు ఇడ్లీలో, కొద్దిగా అన్నమో తినాలి. లేకపోతే షుగరు మళ్లీ పడవచ్చు.

పాడి ఇంట్లో ఎవరికైనా నీరసమొస్తే ముందుగా చేతికందేది పాలే. కాని ఇక్కడ పాలు రెండవ మందు మాత్రమే. ఒక గ్లాసు పాలలో 10 గ్రాముల పాలచక్కెర ఉంటుంది, కాని మన గేదె పాలలోని వెన్న కడుపులో నిదానంగా కదులుతుంది. అందువల్ల ఆ చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. నేతి మిఠాయిలు, చాక్లెట్లు కూడా అంతే. వెంటనే లేపడానికి పంచదార నీళ్లు, లేచినవారిని నిలబెట్టడానికి పాలు.

వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు వాడేవారికి ఇంకొక జాగ్రత్త అవసరం. ఈ మందులు పంచదార జీర్ణం కాకుండా ఆలస్యం చేస్తాయి. కాబట్టి వారు గ్లూకోజు పొడినే తీసుకోవాలి. అట్ట మీద ఈ పేర్లున్నాయేమో చూసుకుని, ఉంటే గ్లూకోజు పొట్లం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

స్పృహ తప్పినవారి నోటిలో నీళ్లు, పాలు, పంచదార ఏమీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. సల్ఫనైల్‌యూరియా మాత్రల వల్ల పడినవారు, ముఖ్యంగా వృద్ధులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఒకసారి తేరుకున్నా, గంటల తరువాత మళ్లీ పడిపోవచ్చు. లేచి కూర్చున్నాడు కదా అని ఆసుపత్రి నుంచి తొందరపడి తీసుకురారాదు.

భయం చేసే నష్టం

ఇక అసలు విషయానికి వద్దాం. లో షుగరు భయాన్ని వైద్యశాస్త్రం తేలికగా తీసుకోలేదు. 1987లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో డేనియల్ కాక్స్, ఆయన సహచరులు ఈ భయాన్ని కొలవడానికే ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి మనిషి మనసులో పడే ఆందోళన, రెండవది ఆ ఆందోళన వల్ల అతడు చేసే పనులు. ఆ విభజన మనకు కూడా ఉపయోగపడుతుంది. భయపడడం తప్పు కాదు. ఆ భయంతో ఏమి చేస్తున్నామన్నదే చూసుకోవాలి.

మాత్ర మానివేసినవారికి వెంటనే ఏ బాధా ఉండదు. పైగా హాయిగా కూడా ఉంటుంది. పొదుగువాపు వ్యాధి పాడి రైతుకు తెలుసు. పొదుగు ఎర్రగా వాచి, పాలు విరిగితే అదే రోజు డాక్టరు కోసం పరిగెత్తుతాం. పైకి ఏమీ కనిపించకుండా లోపల ముదిరే పొదుగువాపును మాత్రం పాలు తగ్గేదాకా గమనించం. లో షుగరు మొదటిదాని వంటిది, క్షణాలలో కనిపించి భయపెడుతుంది. హై షుగరు రెండవదాని వంటిది. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా కంటి నరాలను, మూత్రపిండాలను, పాదాల స్పర్శను తింటుంది. పేడలో, బురదలో తిరిగే కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియని స్థితి వస్తుంది.

బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, కొత్తగా టైప్ 2 షుగరు వచ్చిన 5,000 మందికి పైగా రోగులను ఏళ్ల తరబడి గమనించారు. షుగరును బాగా అదుపులో ఉంచినవారిలో కన్ను, మూత్రపిండాల వంటి చిన్న రక్తనాళాల నష్టం నాలుగో వంతు తగ్గింది. అయితే అమెరికా, కెనడాలలో 10,000 మందికి పైగా రోగులతో జరిగిన మరొక అధ్యయనంలో షుగరును మామూలు మనిషి స్థాయికి దించాలని ప్రయత్నించిన వర్గంలో మరణాలు పెరిగినందున, 2008లో ఆ చికిత్సను మధ్యలోనే ఆపివేశారు. ఈ రెండిటినీ కలిపి చదువుకోవాలి. వదిలేయడమూ తగదు, అతిగా దించడమూ తగదు. అందుకే మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చాలామందికి 7 దగ్గర ఉంటే చాలునని, వృద్ధులకు, ఇతర జబ్బులున్నవారికి, తరచు పడిపోయేవారికి 8 వరకు ఉన్నా ఫరవాలేదని వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. ఒక పూట వెన్న శాతం చూసి గేదె విలువ కట్టం కదా! ఆ సగటు కూడా పదిహేను రోజుల పాల బిల్లు వంటిదే.

భయంతో షుగరును ఎక్కువగా ఉంచుకుంటే లో షుగరు రాదనుకోవడం కూడా పొరపాటే. సగటు ఎక్కువగా ఉన్నవారికి సైతం, వేళకు తినకపోతే పడిపోతుంది. పైగా ఏళ్ల తరబడి హై షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతింటే, మాత్రలోని మందు, ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోక నిలిచిపోతాయి. అప్పుడు లో షుగరు మరింత తరచుగా, మరింత తీవ్రంగా వస్తుంది. అంటే దేనికి భయపడి మాత్ర మానివేశారో, ఆ మానివేయడమే చివరకు దానిని ఇంటికి తెస్తుంది.

లో షుగరు వలె కనిపించేది

ఇంకొక విషయం తెలియక చాలామంది మంచి మందును మానుకుంటున్నారు. నెలల తరబడి 300 దగ్గర ఉన్న షుగరు మందు మొదలుపెట్టాక 130కి దిగిందనుకోండి. 130 మంచి అంకె. కాని ఒళ్లు 300కు అలవాటుపడి ఉన్నందున వణుకు, ఆకలి, దడ వస్తాయి. మందు పడలేదని అట్ట పారవేస్తారు. ఒళ్లు కొత్త స్థాయికి అలవాటుపడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తరువాత ఈ బాధలు తగ్గుతాయి. భయం వల్ల వచ్చే దడ, చెమట కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. మనసు చెప్పేదానికి, రక్తం చెప్పేదానికి తేడా తెలిపేది మీటరు ఒక్కటే. 70 కంటే తక్కువైతే పంచదార తీసుకోవాలి. 100 పైన ఉంటే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, వేళకు భోజనం చేస్తే చాలు.

భయాన్ని జాగ్రత్తగా మార్చుకునే మార్గం

ఒక చిన్న పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి. ఏ రోజు, ఏ వేళకు అలా అనిపించింది, మీటరు అంకె ఎంత, అంతకుముందు ఏమి తిన్నారు, ఏ పని చేశారు. రెండు మూడు వారాలు రాస్తే ఏ వేళలో తగ్గుతున్నదో దానంతటదే తెలుస్తుంది. ఆ పుస్తకం తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, మీరు చూపించుకునే డాక్టరుగారి దగ్గరికో వెళ్లి, దాచకుండా చెప్పండి: “నాకు షుగరు పడిపోతుందని భయంగా ఉన్నదండి. అందుకే మాత్ర సరిగా వేసుకోవడం లేదు.” ఈ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. ఇది తెలియకపోతే వారు సగటు ఎక్కువ ఉన్నదని మోతాదు పెంచుతారు. పెంచిన మోతాదును మీరు ఒక రోజు భక్తిగా వేసుకుంటే ఆ రోజే ప్రమాదం. చెబితే మాత్ర వేళ మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, అంతగా పడగొట్టని రకానికి మార్చవచ్చు.

ఇంట్లోవారికి కూడా నేర్పాలి. కోడలు అత్తగారిని, పిల్లలు తాతగారిని గమనించగలరు. మాట తడబడుతుంటే, కారణం లేకుండా కసురుకుంటుంటే, “ముందు ఈ పంచదార నీళ్లు తాగండి, తరువాత మాట్లాడుకుందాం” అని గ్లాసు చేతికివ్వాలి.

సంఘాలు చేయగలిగినది కూడా కొంత ఉన్నది. పాలకేంద్రంలో పరీక్ష బల్ల దగ్గర ఒక డబ్బాలో పంచదార, ఒక గ్లూకోజు పొట్లం, మంచినీళ్లు ఉంచవచ్చు. 108 నంబరును గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. నిధులు అనుమతిస్తే మీటరు ఒకటి కొని, వాడే పద్ధతిని ఆరోగ్య కార్యకర్త చేత నేర్పించుకోవచ్చు. పరీక్షకు ప్రతి మనిషికీ కొత్త సూది వాడవలెను. షుగరు మందు వాడే సభ్యులు ఉదయం క్యాను తెచ్చేటప్పుడు కొంగున గాని, జేబులో గాని నాలుగు గ్లూకోజు బిళ్లలో, పంచదార పొట్లమో కట్టుకుని రావడం అలవాటు చేసుకోవాలి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ ఇంట్లో వాడే షుగరు మాత్రల పేర్లేమిటి? వాటిలో షుగరును పడగొట్టే జాతివి ఏవి?

2. ఉదయం మాత్రకు, మొదటి ముద్దకు మధ్య ఎంత వ్యవధి ఉంటున్నది? దానిని తగ్గించడానికి పని వేళలు ఎలా సర్దుకోవచ్చు?

3. ఇంట్లో ఆడవారు ఎన్ని గంటలకు తింటున్నారు?

4. షుగరు పడినప్పుడు పాలకంటే ముందు పంచదార ఎందుకు ఇవ్వాలి? గ్లూకోజే కావలసినవారు ఎవరు?

5. డాక్టరుగారికి చెప్పకుండా మాత్ర మానినవారు మన సంఘంలో ఉన్నారా? వారితో ఎవరు మాట్లాడతారు?

అయిదవ ప్రశ్నకు జవాబు సమావేశంలో అందరి ముందు రాబట్టవద్దు. ఎవరి జబ్బు వారి సొంత విషయం. పాలు పోసి వెళ్లే దారిలో, దగ్గరివారు మెల్లగా అడిగితే చాలు. మాత్ర మానినవారిని మందలించడం వల్ల ప్రయోజనం లేదు. వారితో కలిసి ఆసుపత్రికి వెళ్లి, ఆ భయం సంగతి డాక్టరుగారికి చెప్పడానికి తోడు నిలవడమే మేలు.